సముద్రం దాటే ముందు హోరేస్ రిహార్సళ్లు

హోరేస్ ట్యాప్సెల్ రిహార్సల్ లేకుండా తుమ్మనైనా తుమ్మడు. ఇంగ్లండు దక్షిణ తీరాన ఉన్న మా రై పట్టణంలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజు తన గడియారాల దుకాణంలోనే కుర్చీ వాల్చుకుని, నోరు తెరిచి కూర్చుంటాడు. పెళ్లికి ఎన్నిసార్లు రిహార్సల్ వేయించాడంటే, అసలు పెళ్లి రోజున పాస్టరుగారు "మళ్లీనా?" అన్నారట.

మా చర్చిలో గంటలు మోగించే బృందానికి ఆయనే నాయకుడు. ఏడాదికోసారి మేమంతా ఏదో ఒక ఊరు వెళ్లి, అక్కడి గంటల గోపురం చూసి, కడుపు నిండా తిని రావడం రివాజు. ఆ ఏడు హోరేస్ బల్ల మీద పటం పరిచి, సముద్రానికి అవతల, ఫ్రాన్సులో వేలు పెట్టాడు.

"బెర్గ్. చుట్టూ కోటగోడ, నడుమ గంటల గోపురం. చర్చి వ్యానులో డోవర్ రేవు దాకా, వ్యానుతో సహా ఓడ మీద కాలే రేవు దాకా. దిగాక రోడ్డు మీద ముప్పావు గంట."

"ఇంతేనా? శనివారం వెళ్లొచ్చేద్దాం," అన్నాడు మాంసం కొట్టు లెన్.

"అలాగే. జూన్‌లో శనివారం," అన్నాడు హోరేస్.

అప్పటికింకా ఫిబ్రవరి.

బృందంలో చిన్న గంట బెరిల్ హాగ్‌బెన్‌ది. బెరిల్ సిస్టర్ అంటే ఊరి బయట చిత్తడి నేలల్లో గొర్రెలు కాసుకునే ఇళ్లన్నిటికీ తెలుసు. కారేసుకుని తిరుగుతూ పురుళ్లు పోసేది. ఆ చలికాలం మంచు మీద కారు జారి కాలవలో పడింది. దెబ్బలేం తగల్లేదు గానీ, ఆ తర్వాత స్టీరింగు ముట్టుకోలేదు. సైకిలెక్కి తిరుగుతూంటే సగం కాన్పులు ఆవిడ వెళ్లేలోపే అయిపోయేవి. వేసవి దాకా చూస్తాం, అప్పటికీ కారు నడపకపోతే ఆస్పత్రిలో కూర్చుని చీటీలు రాసే పని ఇస్తాం అని పైవాళ్లు చెప్పేశారు.

"చీటీలు ఏడవ్వు, తన్నవు. వాటితో నేనేం మాట్లాడను?" అనేది బెరిల్.

ఇక రిహార్సళ్లు మొదలయ్యాయి. ముందు ఓడ ప్రయాణం. నదిలో కట్టేసిన చేపల పడవలో మమ్మల్ని కూర్చోబెట్టి, లెన్ చేసిన పంది మాంసం కూరిన కజ్జికాయలు తినిపించి, ఒడ్డున నిలబడి తాడు పట్టి ఊపాడు.

"హోరేస్, నాకు కడుపులో తిప్పుతోంది," అంది లెన్ భార్య ఐవీ.

"శభాష్ ఐవీ. మిగతావాళ్లూ కాస్త మనసు పెట్టండి," అన్నాడు హోరేస్.

తర్వాత దారి తప్పడం. వ్యానులో దారి తప్పితే ఎలాగూ పోట్లాట వస్తుంది గనక, అది ఇక్కడే ఆడేసుకుని వెళ్దామన్నాడు. లెన్, ఐవీలను పోట్లాడమన్నాడు. వాళ్లు మొహమాటంగా మొదలుపెట్టి, లెన్ వాళ్లమ్మ దగ్గరికి వచ్చేసరికి అసలు పోట్లాటలోకి దిగారు. పది రోజులు మాటల్లేవు.

అన్నిటికన్నా పెద్దది, ఫ్రాన్సువాళ్లలా రోడ్డుకి కుడివైపు నడపడం. ఆదివారాలు ఖాళీగా ఉండే పశువుల సంతలో సుద్దతో రోడ్లు గీశాడు. లెన్‌కి అలవాటు ఎంత బాగా ముదిరిందంటే, ఒక సోమవారం మా పెద్దవీధిలో మాంసం బండిని కుడివైపు నడిపి రొట్టెల బండికి ఎదురెళ్లాడు. పైగా, "నేర్చుకున్నవాడు ఒక్కడూ లేడు ఈ ఊళ్లో," అని ఆ డ్రైవర్నే తిట్టాడు.

"నన్ను మాత్రం వదిలెయ్, హోరేస్," అంది బెరిల్.

"నిన్నెవరు నడపమన్నారమ్మా? నాకు రోడ్డు పక్కన ఆగి ఉన్న కారొకటి కావాలి. నీది ఎలాగూ ఆగే ఉంది కదా."

మేమంతా తోసుకొచ్చాం. బెరిల్ అందులో కూర్చుని స్వెటర్ అల్లుకుంది.

పై ఆదివారం, "ఆగి ఉన్న కారు మరీ అడ్డంగా ఉంది. కాస్త వెనక్కి తియ్యి," అన్నాడు.

"తోయించు."

"అందరికీ నడుములు పట్టేశాయి."

విసుక్కుంటూ తీసింది. ఆ తర్వాతి వారం, ఫ్రాన్సులో ఆగి ఉన్న కార్లు అప్పుడప్పుడు బయల్దేరతాయని ఏదో రహస్యంలా చెప్పాడు. మే నెలకల్లా ఆగి ఉన్న కారు సంత చుట్టూ తిరుగుతోంది. అయితే గేటు దగ్గర ఆగిపోయేది. రోడ్డెక్కేది కాదు.

జూన్ వచ్చింది. హోరేసే వ్యాను నడిపి ఓడెక్కించాడు. సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. కాలే కనబడగానే ఆయన పొట్ట పట్టుకుని వ్యాను వెనక సీట్లో పడిపోయాడు.

"లెన్, నువ్వు నడుపు," అంది ఐవీ.

"నేను నాలుగు బీర్లు తాగాను."

ఐవీకీ, నాకూ లైసెన్సుల్లేవు. ఓడ రేవులో ఆగి తలుపులు తెరుచుకున్నాయి, వెనక లారీలు హారన్లు మోగిస్తున్నాయి.

హోరేస్ కళ్లు మూసుకునే, "తిరిగి పోదాంలే," అని మూలిగాడు.

బెరిల్ లారీల వైపు చూసింది, మా వైపు చూసింది.

"ఊరంతటినీ చంపుకుతిన్నావు గదయ్యా. ఈ ఒక్కదానికే రిహార్సల్ చేయలేదేం?" అంటూ వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది.

మొదట్లో సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. ఊరు దాటాక చూస్తే నేలంతా చదును, రోడ్డుకి రెండు పక్కలా కాలవలు. మేమంతా ముందు సీట్లు గట్టిగా పట్టుకున్నాం.

"ఇదంతా మన చిత్తడిలాగే ఉందే," అంది బెరిల్, గేరు మారుస్తూ.

అప్పుడు అర్థమైంది నాకు, ఫ్రాన్సులో అన్ని ఊళ్లుండగా హోరేస్ వేలు ఈ ఊరి మీదే ఎందుకు పడిందో.

బెర్గ్ కోట ద్వారం ఇరుకు. బెరిల్ ఒక ట్రాక్టరుని హారన్ కొట్టి వెనక్కి పంపించి, వ్యానుని రాణిలా లోపలికి తీసుకెళ్లింది. చౌకులో రెండు చుట్లు అనవసరంగా తిప్పింది. గోపురం మీద గంటలు మోగుతున్నాయి. హోరేస్ లేచి కూర్చుని, తినడానికి ఏముందని అడిగాడు.

నేను ఆయన చెవిలో అడిగాను. "అల ఒక్కటి లేదు. ఆ కడుపునొప్పి ఎక్కడిది?"

"దానికే ఎక్కువ సాధన పట్టిందయ్యా. మా ఆవిడ భయపడి డాక్టర్ని పిలిచింది."

"మరి లెన్ బీర్లు?"

"లెన్‌తో బీరు తాగించడానికి రిహార్సల్ దేనికి?"

సాయంత్రం డోవర్‌లో దిగేముందు హోరేస్ డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి, "అలిసిపోయుంటావు, ఇక నేను నడుపుతాలే," అన్నాడు.

"అటు తిరిగొచ్చి కూర్చో, హోరేస్," అంది బెరిల్. "సోమవారం నుంచి నేను కాన్పులకి వెళ్లాలి. నాకు రిహార్సల్ కావాలి."