కరకట్ట కామయ్య ఎగిరిన రోజు

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పుస్తకాల షాపులో బొమ్మల పుస్తకం తెరిచి, ఎవరూ చూడకుండా వాసన చూశాను. కొత్త సిరా, నున్నటి కాగితం. అట్ట మీద నా చిన్నప్పటి నుంచీ వస్తున్న విదేశీ వీరుడే, మళ్ళీ కొత్త బట్టల్లో, కొత్త కోపంతో. వాణ్ణి ఇన్నేళ్ళు బతికించడానికి ఎంతమంది తలలు పట్టుకుని ఉంటారో నాకు తెలుసు. నేనూ ఒక వీరుణ్ణి నాలుగేళ్ళు నడిపినవాణ్ణే.

వాడి పేరు కరకట్ట కామయ్య. చల్లపల్లి చుట్టుపక్కల అయిదువందల మంది పిల్లలు వాడి కోసం ఎదురుచూసేవారు. సరే, యాభై. ఒట్టు పెట్టి చెప్పమంటే పదకొండు మంది, అందులో ఇద్దరికి చదవడం రాదు. మా నాన్న మగ్గం మీద నేసే చీరల అంచులకు డిజైన్లు వేసుకునే గళ్ళ కాగితాలు కాజేసి, గళ్ళ వెంబడే గీసేవాణ్ణి గనుక కామయ్య వంగలేడు, పక్కకు తిరగలేడు. పంచె ఎగగట్టి కట్ట మీద నిటారుగా నిలబడతాడు, ఎంత వరద వచ్చినా వాడి మోకాళ్ళ దగ్గర ఆగిపోతుంది, అంతే కథ. వానాకాలంలో కృష్ణ పొంగు, కార్తీకంలో తుఫాను, ఎండల్లో ఏమీ తోచక కాలవలో మొసలి. వరి కంకులు బరువెక్కి వంగే రోజుల్లో బడి అరుగు మీద చేరి, కాల్చిన తేగలు ఒలుచుకుంటూ, ఆ మసి వేళ్ళతోనే పేజీలు తిప్పేవారు.

నాలుగో ఏటికి అందరికీ విసుగెత్తింది. "ఏంట్రా, మీవాడు ఎప్పుడు చూసినా గట్టు మీదే? కాళ్ళు పడిపోయినాయా?" అనేవారు. విసుగు పుట్టనిది నానికి ఒక్కడికే. బడిలో నా పక్కన కూర్చునే రత్నానికి తమ్ముడు, ఆరేళ్ళవాడు, చదవడం రాని ఇద్దరిలో ఒకడు.

"ఆయన కదిల్తే నీళ్ళొచ్చేస్తాయిగా అన్నా," అనేవాడు.

ఆ కార్తీకంలో నాని సముద్రం వైపు పల్లెలో ఉన్న అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఉప్పెన వచ్చింది. మా ఊళ్ళో ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. అక్కడ ఇళ్ళే లేవు. పెద్దవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని బళ్ళ మీద వెళ్ళి, వెతికి తిరిగొచ్చేవారు. నాని దొరకలేదు.

బడి తెరిచాక రత్నం అడిగాడు. "ఒరే, కామయ్య మా నానిగాణ్ణి భుజానేసుకుని తెచ్చినట్టు ఒక పుస్తకం గియ్యరా. మా అమ్మ అన్నం ముట్టట్లేదు. చూపిస్తా."

ఆ పుస్తకం గీశాననీ, వాళ్ళమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టుకుందనీ పెళ్ళిభోజనాల దగ్గర నలభై ఏళ్ళు చెప్పాను. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అబద్ధం. గీయలేదు. ఇన్ని నీళ్ళొస్తే మీవాడెక్కడ చచ్చాడ్రా అని మిగతా తొమ్మిదిమందీ అడుగుతున్నారు. కామయ్యను ఎలాగైనా నిలబెట్టుకోవాలని, తెల్ల కాగితం మీద వాడికి బూట్లు తొడిగి, రెక్కలు పెట్టి, రాక్షసులతో యుద్ధానికి చంద్రమండలం పంపాను. ఉప్పెన నాడు ఊళ్ళో లేడన్నమాట. అందరికీ తెగ నచ్చింది.

రత్నం చివరి పేజీ దాకా చదివి, నలగకుండా నా చేతిలో పెట్టాడు. "బాగా ఎగురుతున్నాడ్రా," అన్నాడు. మర్నాటి నుంచి వేరే బెంచీలో కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ పుస్తకాలు లేవు, మా వీధిలో మగ్గాల చప్పుడూ లేదు. నాని వాళ్ళమ్మ ఎప్పుడో పోయింది. కంకిపాడులో ఎరువుల కొట్టు నడిపిన రత్నం పోయినేడు పోయాడు. ఆ కబురు విన్న వారానికి పెన్సిల్ పట్టుకు కూర్చున్నాను. కామయ్య ఇట్టే వచ్చాడు. వాడి భుజం మీద నానిని గీయబోతే ముఖం గుర్తు రాలేదు. ఆ పిల్లాడికి ఎవరూ ఫోటో తీయించలేదు. నేనిప్పుడు ఏ ముఖం పెట్టినా, వీడు మావాడు కాదురా అని చెప్పడానికి ఒక్కరూ మిగల్లేదు.