పొయ్యి సాక్షి

పక్కింటి చక్రవర్తి పదకొండో నెలకే నడిచాడు. మా ప్రభకు పదహారు నెలలు నిండాయి, ఇంకా గోడ పట్టుకుని కూడా నిలబడదు. నేను రసాయనశాస్త్రం చదువుకున్నదాన్ని, బడిలో సైన్సు చెబుతాను. వారం వారం బిడ్డ బరువు గ్రాఫు కాగితం మీద గుర్తు పెట్టుకుంటాను. గీత సరిగానే ఉంది. అయినా వాడు మా గుమ్మం ముందు తప్పటడుగులు వేసుకుంటూ పోతుంటే నాకు కడుపు మండేది. వాడి తల్లి ఇందుమతి వంటింట్లో ఏదో రహస్యం ఉందని నా నమ్మకం.

ఆ రహస్యం తెలిసిన మనిషి ఆరోగ్యమేరి. మద్రాసు పెరంబూరు రైల్వే క్వార్టర్సులో మా రెండిళ్ళకూ ఆమే పనిమనిషి. నేను బడి నుంచి వచ్చేదాకా ప్రభను కూడా ఆమే చూసుకుంటుంది.

ఆమెకు నలభై అయిదేళ్ళుంటాయి. ఎనిమిదేళ్ళప్పుడు నెల్లూరు వైపు నుంచి తండ్రి వెంట మద్రాసు వచ్చింది. తండ్రి రైలింజన్ల షెడ్డులో బొగ్గు మోసేవాడు. భర్త మాదయ్య వర్క్‌షాపు కొలిమి దగ్గర పనిచేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. పిల్లలు లేరు. ఎన్ని ఇళ్ళలో పనిచేసినా ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో ఎత్తి ఎరగదు. వెనక వరసలో ఇద్దరు తోడికోడళ్ళు వేరుపడి, ‘అది నన్నేమంటోంది?’ అని ఇద్దరూ ఆమెనే అడిగేవారట. రెండు నెలలు అడిగి అడిగి, ఏమీ రాలక, చివరికి విసుగెత్తి నేరుగా ఒకరినొకరు అడిగేసుకున్నారు. ఇప్పుడు కలిసే ఉంటున్నారు.

ఇదంతా తెలిసి కూడా ఒకరోజు నేను అడిగాను.

“చక్రవర్తికి పొద్దున్నే ఏం పెడతారు ఆరోగ్యం? మాల్టు పొడా? చేపనూనె ఏమన్నా పడుతున్నారా?”

ఆమె గిన్నె తోముతూ నవ్వింది. “అదంతా నేను చెప్పకూడదు మా.”

“ఇందుమతి చెప్పొద్దందా?”

“ఆయమ్మ ఎందుకంటుంది? దేవుడు చెప్పినాడే! పది ఆజ్ఞల్లో ఎనిమిదోది. పొయ్యి సాక్షి చెప్పొద్దని. ఒక ఇంటి పొయ్యి కాడ చూసింది ఇంకో ఇంట్లో చెప్పకూడదు.”

నాకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. చిన్నప్పుడు చర్చిలో ఉపదేశి అరవంలో ‘పొయ్ సాట్చి’ చెప్పకూడదని నేర్పి ఉంటాడు. అరవంలో పొయ్ అంటే అబద్ధం. కొత్తగా వచ్చిన తెలుగుపిల్లకు అది పొయ్యిలా వినబడింది. తర్వాత అరవం ధారాళంగా వచ్చినా, ఎనిమిదేళ్ళప్పుడు మనసులో పడ్డ మాటను మళ్ళీ తిప్పి చూసుకోలేదు.

“అది పొయ్యి కాదే పిచ్చిదానా, అబద్ధం! అబద్ధపు సాక్ష్యం చెప్పొద్దని. నిజం చెప్పడంలో తప్పేం లేదు. ఇప్పుడు చెప్పు, ఏం పెడతారు?”

తప్పు దిద్దానని పైకి అనుకున్నాను గానీ, నాకు కావలసింది పక్కింటి పొయ్యి మీది గిన్నె. ఆరోగ్యమేరి చేతిలో పీచు ఆగిపోయింది. “అట్టనా?” అంది. మిగతా గిన్నెలు తోమి వెళ్ళిపోయింది.

మర్నాడు వచ్చి, ప్రభను చంకనెత్తుకుని, గుమ్మంలోనే నిలబడింది.

“టీచరమ్మా, రాత్రంతా రోసన చేసినా. అయితే నిజమైతే చెప్పొచ్చు, అంతేగదా?”

“అంతే.”

“సరే. బేస్తవారం సాయంత్రం మీ పాప ఎందుకట్ట గుక్కపట్టి ఏడ్చిందని ఇందుమతమ్మ నాలుగు దినాలుగా అడగతా ఉండాది. ఆయమ్మకూ చెప్పేదా?”

ఆ సాయంత్రం, కాళ్ళు బలపడతాయని, నేను బిడ్డను తువ్వాలుతో కిటికీ ఊచలకు కట్టి నిలబెట్టాను. గడియారం చూస్తూ పది నిమిషాలు. బయట చక్రవర్తి నడుస్తున్నాడు. లోపల నా బిడ్డ మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆరోగ్యమేరి వచ్చి ముడి విప్పింది.

ఆమె కళ్ళలో బెదిరింపు లేదు. నిజంగానే అడుగుతోంది. చదువుకున్నదాన్ని కదా, నాకు తెలుస్తుందని.

“వద్దు,” అన్నాను.

“నిజమేగదమ్మా అది?”

“నిజమే. అయినా వద్దు.”

“అట్టయితే నేను నేర్చుకున్నదే సరా?”

నేను బడి సంచీ అందుకున్నాను. ఆమే తల ఊపింది.

“పోనీలే మా. పొయ్ చెప్పకూడదు, పొయ్యీ చెప్పకూడదు. రెండూ పెట్టుకుంటా. అందరికీ పది, నాకు పదకొండు.”

ఆ రోజు బడిలో పాఠం మీద మనసు నిలవలేదు. ఆమె చెప్పదు. ఇక చెప్పాల్సిందీ అడగాల్సిందీ నేనే. సాయంత్రం ప్రభను ఎత్తుకుని పక్కింటి తలుపు తట్టాను. కూర్చోమనకముందే బేస్తవారం సంగతి చెప్పేశాను. ఇందుమతి నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె ప్రభను తన ఒళ్ళోకి తీసుకుని పిక్కలు నిమిరింది.

“మీవాడికి ఏం పెడతారండీ?” అని అడిగాను చివరికి.

“ఏం పెడతాను, పప్పన్నం. అదీ సగం నేలపాలు. ఎప్పుడు మీ ప్రభలా నోరు విప్పుతాడా అని నేను చూస్తున్నాను. మీ పిల్ల కాకిని చూపించి కాకి అంటుంది, నన్ను అత్త అంటుంది. మావాడు ఇంతవరకూ అమ్మా అనలేదు. మీరేం తినిపిస్తున్నారో చెప్పమని ఆరోగ్యాన్ని ఎంత బతిమాలానో! ఊహూఁ.”

ఆమె కళ్ళు ప్రభ పెదవుల మీదే ఉన్నాయి. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ నేను వాళ్ళబ్బాయి కాళ్ళను అలాగే చూశాను. సిగ్గేసింది. ఆ సిగ్గు కిందనే, చెప్పొద్దూ, ఒక చిన్న సంతోషమూ కలిగింది. లేచి రావలసింది, ప్రభ ఇంకో మాట అంటుందేమోనని ఇంకొంచెంసేపు కూర్చున్నాను.