గడువుకి గంట ముందు మార్చిన జోడీ

చిన్నప్పటినుంచి కలిసి ఆడిన జోడీని, పేర్లిచ్చే గడువుకి సరిగ్గా గంట ముందు వదిలేసి, అంతకన్నా మంచి ర్యాంకున్నవాణ్ని పట్టిన ఘనుణ్ని నేను. మొన్న వాట్‌ఫర్డ్ పార్కులో నాలుగో మనిషి తక్కువై, “అంకుల్, డబుల్స్‌కి వస్తారా? పార్ట్‌నర్ ఎవరైనా ఓకేనా?” అని ఎవరో అడిగేసరికి ఆ ఘనకార్యం మళ్ళీ గుర్తొచ్చింది.

నాటింగ్‌హామ్‌లో పెద్దమ్మ వాళ్ళ దుకాణం మీది ఫ్లాట్‌లోనే నేనూ, పెద్దమ్మ కొడుకు అన్నయ్యా పెరిగాం. టోకు బజారులో ఆవిడ వెనక తిరుగుతూ ఏ సరుకు పట్టాలో, ఏది వదలాలో నేర్చుకున్నాం. టెన్నిస్ మాత్రం కౌన్సిల్ కోర్టుల్లో. నేను సర్వ్ చేస్తుంటే, నెట్ దగ్గర అన్నయ్య వీపు వెనక వేళ్ళతో ఎటు దూకుతాడో చెప్పేవాడు. కొన్నాళ్ళకి ఆ వేళ్ళు చూడకుండానే నాకు తెలిసిపోయేది. టీవీలో కనబడే ఆటగాళ్ళం కాదు. చిన్న ఊళ్ళ పోటీల్లో, ఒకే గదిలో సర్దుకుంటూ, ఎవరి సాక్సులెవరివో తెలియకుండా బతుకు వెళ్ళదీసినవాళ్ళం.

డబుల్స్‌లో ఇద్దరి ర్యాంకులూ కలుపుతారు. ఆ మొత్తం ఎంత తక్కువైతే చోటు అంత ఖాయం. ఆ వేసవిలో మా ఊళ్ళోనే పచ్చిక కోర్టుల మీద పెద్ద పోటీ. అందులో చోటు దొరక్కపోతే ఆట మానేస్తానని అన్నయ్య వదినకి మాటిచ్చాడు. మేమా, అంచు మీద ఉన్నాం. పేర్లిచ్చే బల్ల దగ్గర జోడీ రాక ఒంటరిగా నిలబడ్డ పొడుగాటి ఇంగ్లీషు ఆటగాడు కనబడేసరికి నాలోని దుకాణదారు లేచి కూర్చున్నాడు. నిమిషాల్లో మాట కుదిరింది, సంతకమూ పడింది.

రెండు టీ కప్పులతో వచ్చిన అన్నయ్య ఆ కాగితం చూసి, ఒకటి నా చేతికిచ్చి, “మంచి సరుకేరా. అతని భుజం చూసుకున్నావా మరి?” అన్నాడు.

చూసుకోలేదు. ఆ ర్యాంకు, అతని భుజం దెబ్బతినక ముందు రోజులది. అతను ఏ వేలు చూపినా నేను ఇంకోవైపు పరిగెత్తి, మొదటి రౌండులోనే ఓడిపోయాం. జోడీ దొరకని అన్నయ్య మాట నిలబెట్టుకుని, బ్రాక్‌నెల్‌లో ఏదో ఆఫీసులో చేరాడు. పెద్దమ్మ ఊరుకుంటుందా, “ఏరా, అన్నయ్యకి ఎక్స్‌పైరీ డేట్ వేసి అర మీంచి తీసేశావట?” అని దుకాణంలో అందరి ముందే అడిగేసింది.

తర్వాత కొన్నేళ్ళు, జోడీ మీద జోడీని మారుస్తూ తిరిగాను. ప్రతిసారీ బేరం లాభంగానే కనబడింది. ఇప్పుడు జోడీలు కలవడం, విడిపోవడం అన్నీ ఫోన్లోనేనట, ఎదురుగా నిలబడే పనే లేదు. అన్నయ్య కలిసినప్పుడల్లా వాన గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడతాడు, టెన్నిస్ తప్ప. నిజం లెక్క చెప్పాలంటే, నాకు మిగిలింది ఒక మొదటి రౌండు ఓటమి. పోయింది అన్నయ్య ఆట. ఆ పోటీలో ఆఖరి చోటు దక్కిన జోడీ ర్యాంకుల మొత్తం, నాదీ అన్నయ్యదీ కలిపినదానికన్నా ఎక్కువే. మేమిద్దరం అలాగే ఉండివుంటే చోటు దొరికేది.