తోలు మీద అరచేయి

నా గొంతు ఒక స్థాయికి దిగినప్పుడు వంటగట్టు మీది స్టాండులో ఒక స్టీలు మూత జుయ్యిమంటుంది. ఈ గదిలోకి మారిన కొత్తలో కందిరీగ దూరిందనుకుని చీపురు పట్టుకుని వెతికాను. కందిరీగ కాదు. నేను నోరు మూస్తే మూత ఊరుకుంటుంది, మళ్ళీ మాట్లాడితే మళ్ళీ అందుకుంటుంది. అన్ని మాటలకూ పలకదు. కోపంగా అన్నవాటికి పలకదు, ఫోనులో గట్టిగా అరిచినవాటికి పలకదు. లోపలినుంచి నెమ్మదిగా, గరగరలాడుతూ వచ్చే మాటలకే పలుకుతుంది. నాకు సంతకం పెట్టడం, మెట్రో బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప చదువు రాదు. పై అంతస్తులో గది తీసుకుని పరీక్షలకు చదువుకుంటున్న హారిక నేను చెప్పేది రాసిపెడుతోంది. ఇందాక ఆ పిల్ల కూడా కలం ఆపి మూత వైపు చూసింది. విల్సన్ అన్నయ్య ఇక్కడ కూర్చుని ఉంటే తల ఒక పక్కకు వంచి ఆ ఒక్క మాట అనేవాడు. ఎవరో ఉన్నారు, అని.

విల్సన్ అన్నయ్య నాకు తోడబుట్టినవాడు కాడు. మా ఆయనది బొబ్బిలి, అన్నయ్యది విజయనగరం, ఇద్దరూ ఢిల్లీ కంటోన్మెంట్‌లో పనిచేశారు. మా ఆయన బండి నడిపేవాడు, అన్నయ్య బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు. పెన్షన్ తీసుకున్నాక అన్నయ్య ద్వారకలో ఒక రికార్డింగ్ స్టూడియోలో చేరాడు. అక్కడ ఆయన వాయించడు. వాయించేవాళ్ళు వచ్చేలోపల డ్రమ్ములు సిద్ధం చేస్తాడు. పాటను బట్టి ఏ డ్రమ్ముకు ఏ తోలు వెయ్యాలి, ఎంత బిగించాలి అన్నది ఆయన పని. తోలంటే ఇప్పుడు తోలు కాదు, ప్లాస్టిక్కే. వాయించేవాళ్ళు హెడ్ అంటారు. అన్నయ్య నోట మాత్రం ఆఖరుదాకా అది తోలే.

మా ఆయన డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. క్వార్టర్ ఖాళీ చేసి పాలం వైపు ఒక గదిలో చేరాను. ఆయన పోయాక నాకు మాట కూడా పోయింది. మూగదాన్ని కాలేదు. ఎవరితో మాట్లాడాలో తెలియక మానేశాను. కూరగాయల బండి దగ్గర వేలు చూపించేదాన్ని, కావలసింది సంచిలో పడేది, దానికి మాట అక్కర్లేదు. చిన్నప్పటినుంచీ నాది బొంగురు గొంతే, ఆ వాడకం కూడా తప్పేసరికి నాకే అది పరాయిదైపోయింది. అలాంటప్పుడు అన్నయ్య వచ్చి స్టూడియోలో ఊడ్చి తుడిచే పని ఉందన్నాడు. తలూపాను.

ఆ స్టూడియో మార్కెట్ కింద బేస్‌మెంట్‌లో ఉంది. పైన మోమోల బండి, ఆటోల హారన్లు, మెట్రో వెళ్తుంటే అదిరే స్తంభాలు. మెట్లు దిగి రెండు తలుపులు మూసుకుంటే ఏదీ ఉండదు. గోడలనిండా స్పాంజి, నేలమీద మందపాటి తివాచీ. నా చీపురు చప్పుడు నాకే వినపడేది కాదు. కాసేపు కదలకుండా నిలబడితే చెవుల్లో నా నెత్తురు తిరుగుతున్న చప్పుడు వినిపించేది. పట్టపగలే అక్కడ ఏ వేళో తెలిసేది కాదు. మొదట్లో ఆ గదిలో ఒంటరిగా ఉండాలంటే నాకు వీపు జలదరించేది, ఎవరో ఊపిరి బిగపట్టి నా వెనకే నిలబడ్డట్టు.

స్నేర్ అనే డ్రమ్ము అడుగున సన్నటి ఉక్కుతీగలు బిగించి ఉంటాయి. పైతోలు మీద కొడితే ఆ తీగలు అదిరి చుర్రుమంటాయి. కానీ అవి కొట్టినప్పుడే కాదు, పక్కనున్న డ్రమ్ము మోగినా, మనిషి మాట్లాడినా అదురుతాయి. రికార్డింగులో అది పనికిరాదు. అందుకని అన్నయ్యకు ఒక పద్ధతి ఉండేది. తోళ్ళన్నీ వేసి బిగించాక ఎవరినైనా గదిలో నిలబెట్టి మాట్లాడించేవాడు. తీగలు అదిరితే "ఎవరో ఉన్నారు" అని, తాళం అనే చిన్న ఇనుప చెవితో అంచునున్న ఒక బోల్టు తిప్పేవాడు. మళ్ళీ మాట్లాడించేవాడు. డ్రమ్ము ఊరుకున్నాక "ఎవరూ లేరు" అని తాళం జేబులో వేసుకునేవాడు. అది ఆయన పనిలో మాట. కొత్తగా విన్నవాళ్ళు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునేవారు.

నేను చేరిన కొద్దిరోజులకే ఆ పని నాకు అప్పగించాడు. ఏం మాట్లాడాలో తెలియక నిలబడిపోయాను.

"ఏటి కూర వండావమ్మా?" అన్నాడు.

"బీరకాయ," అన్నాను. ఆ ఒక్క మాటకే మూలనుంచి సన్నగా చుర్రుమని ఏదో పలికింది. నేను చప్పున మూల వైపు తిరిగాను. అన్నయ్య మాత్రం చేతిలో తాళం అలాగే పట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఆపకు చెల్లీ. ఎలా వండావో సెప్పు," అన్నాడు.

అలా రోజూ చెప్పాను. కూరల దగ్గర మొదలై నీళ్ళ ట్యాంకరు, ఇంటి ఓనరమ్మ, ఊళ్ళో మా చెల్లెలు, అక్కడినుంచి మా ఆయన. ఎవరితోనూ చెప్పనివి డ్రమ్ముల ముందు నిలబడి చెప్పాను. అన్నయ్య వినేది నా మాటల్ని కాదు, వాటి వెనక వచ్చే తీగల చప్పుడుని. అందుకే నాకు సిగ్గనిపించలేదేమో. రికార్డింగ్ ఇంజనీరు సమీర్ భయ్యా అద్దం అవతలినుంచి మైకులో "ఆంటీ జీ, ఆజ్ క్యా పకాయా?" అని, ఈరోజు ఏం వండావంటూ ఆటపట్టించేవాడు. నాకు నవ్వొచ్చేది. మాట తిరిగొచ్చిందని నాకు తెలిసింది ఆ నవ్వుతోనే.

పని కూడా నేర్పాడు. మెత్తగా, గుండె కొట్టుకున్నట్టు వినపడాలంటే రెండు పొరల తోలు. చీపురుకుంచెలాంటి పుల్లలతో వాయించే నెమ్మది పాటకు పైన తెల్లటి గరుకుపూత ఉన్న తోలు. ఒక బోల్టు తిప్పితే ఆ పక్కది కాదు, ఎదురుగా ఉన్నది తిప్పాలి, లేకపోతే తోలు ఒకపక్కకు ఏడుస్తుంది. అంచునుంచి రెండు వేళ్ళ దూరంలో మీటి, ప్రతి బోల్టు దగ్గరా ఒకే స్వరం వచ్చేదాకా తిరుగుతూ ఉండాలి. కొత్త తోలు వేసినప్పుడు ఇవన్నీ కాక ఇంకొకటి. రెండు అరచేతులూ రుద్ది వెచ్చబెట్టుకుని, తోలు నడిమధ్యన అరచేయి ఆనించి ఒంటి బరువంతా వేసి నొక్కాలి. అంచులోని జిగురు చిటచిటలాడుతూ విడిపోయి, తోలు డ్రమ్ముకు అమరుతుంది. ఎవరి చెయ్యి నొక్కితే వాళ్ళ చెయ్యి ఆ తోలులో ఉండిపోతుందనేవాడు. సామెతలాగా చెప్పాడనుకున్నాను.

గది మూలలో ఒక స్నేర్ ఎప్పుడూ గుడ్డ కప్పి ఉండేది. అది అన్నయ్య సొంతం. రికార్డింగులకు ఇవ్వడు, తోలు మార్చడు, నన్ను దుమ్ము కూడా దులపనివ్వడు. మొదటిరోజు నా మాటకు పలికింది ఆ డ్రమ్మే అని నాకు తర్వాత అర్థమైంది. మిగతావన్నీ బోల్టు తిప్పితే ఊరుకునేవి, అది ఊరుకునేది కాదు. ఒకరోజు సమీర్ భయ్యా విసుక్కుంటే అన్నయ్య పక్కనున్న మీట కిందికి వేసి దాని తీగల్ని వదులు చేశాడు. తీగలు తోలుకు తగలకపోతే డ్రమ్ము చుర్రుమనదు, అది నాకూ తెలుసు. మర్నాడు ఊడుస్తూ నాలో నేను ఏదో గొణుక్కుంటుంటే మూలలోంచి బదులొచ్చింది. వెళ్ళి చూస్తే మీట కిందికే ఉంది, తీగలు వేలాడుతున్నాయి. పైన మెట్రో వెళ్ళి ఉంటుందని సర్దిచెప్పుకుని, మళ్ళీ గొణగలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం టీ తీసుకుని మెట్లు దిగాను. లోపలి తలుపు వారగా తెరిచి ఉంది. అన్నయ్య నాకు వీపు పెట్టి ఆ డ్రమ్ము ముందు స్టూలు మీద కూర్చున్నాడు. గుడ్డ తీసి ఉంది. ఆయన కొట్టడం లేదు, ఊరికే కూర్చున్నాడు. నేను గుమ్మంలోంచి "అన్నయ్యా, టీ," అన్నాను. తీగలు చుర్రుమన్నాయి.

ఆయన వెనక్కి తిరగలేదు. "వస్తన్నాను గ్రేసూ," అన్నాడు.

టీ గ్లాసు కింద పెట్టాను. గ్రేస్ ఆయన భార్య. నేను ఢిల్లీ రాకముందే పోయింది, ఆవిణ్ణి నేను ఎన్నడూ చూడలేదు. దగ్గరికి వెళ్ళి డ్రమ్ము వైపు చూశాను. తెల్లటి పూత మీద నడిమధ్యన ఒక అరచేయి. చిన్నది, ఆడమనిషిది, వేళ్ళు విడివిడిగా, నూనె మరక మీద ఏళ్ళతరబడి దుమ్ము పట్టి నల్లబడ్డట్టు. దాని చుట్టూ మాత్రమే పుల్లల దెబ్బలు. ఆ చేతి మీద ఒక్క దెబ్బ కూడా లేదు.

అన్నయ్య దాచలేదు. ఆ తోలు వేసిన రోజు గ్రేస్ వంటింట్లోంచి నూనె చేత్తో వచ్చి సరదాగా నొక్కిందట. ఆవిడదీ బొంగురు గొంతేనట. ఇంట్లో ఆవిడ మాట్లాడితే ఆ డ్రమ్ము పలికేదట, పోయాక ఇంకెవరికీ పలకలేదట, బీరకాయ అని నేను అన్న రోజుదాకా.

ఆ రాత్రి పడుకుని అదే ఆలోచించాను. ఇన్నాళ్ళూ నేను మాట్లాడాననుకున్నాను. మా ఆయన సంగతులు చెప్పుకున్నాననుకున్నాను. నా నోట్లోంచి ఎవరు మాట్లాడారు? కష్టపడి తెచ్చుకున్న గొంతు, అది కూడా నాది కాకపోతే నాకింకేం ఉంది? మర్నాటినుంచి స్టూడియోలో నోరు విప్పలేదు. అన్నయ్య మాట్లాడమంటే చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చినా మాట రాలేదు. మళ్ళీ కూరగాయల బండి దగ్గర వేలు చూపించాను. పని మానేస్తానని సమీర్ భయ్యాకు సైగ చేస్తే, తప్పు తనదేమోనని అతను బిక్కమొహం వేశాడు.

ఆ వారం ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి అన్నయ్య ఆ డ్రమ్మును గది నడుమకు తెచ్చి పెట్టాడు. పక్కనే కొత్త తోలు. తాళం నా చేతిలో పెట్టాడు.

"విప్పు," అన్నాడు.

నేను తల అడ్డంగా ఊపాను.

"నేను వినకుండా ఉండలేను చెల్లీ. నువ్వు మాటాడకుండా ఉండకూడదు. మరింక ఏటి మిగిలింది? మార్చగలిగింది తోలే కదా."

ఎదురెదురు బోల్టులు కొద్దికొద్దిగా వదులు చేశాను. మాట్లాడుతూ విప్పమన్నాడు. ఏం చెప్పానో గుర్తులేదు. బోల్టు వదులయ్యేకొద్దీ డ్రమ్ము బదులు కిందికి దిగుతూ వచ్చింది. గరగర కాస్తా గొణుగుడైంది, గొణుగుడు ఊపిరైంది, ఎవరో మెట్లు దిగి దూరంగా వెళ్తున్నట్టు. ఆఖరి బోల్టు దగ్గర నా చెయ్యి ఆగింది. అన్నయ్య తన అరచేతిని ఆ మరక మీద పెట్టాడు. ఆయన చెయ్యి పెద్దది, మొత్తం కప్పేసింది. రెండో చేత్తో నా మణికట్టు తిప్పాడు. ఇంకేమీ వినపడలేదు.

కొత్త తోలు నాచేతే నొక్కించాడు. "ముందు చెయ్యి వెచ్చబెట్టుకో," అన్నాడు, అంతే. బిగించి, మీట పైకి వేసి, తీగలు తోలుకు తగిలించాడు. ఎదురుగా నిలబడ్డాను.

"అన్నయ్యా, ఈ రోజు ఏ కూరా వండలేదు," అన్నాను.

డ్రమ్ము పలకలేదు. ఆయన తల ఒక పక్కకు వంచి చాలాసేపు విన్నాడు. "ఎవరూ లేరు," అన్నాడు. తాళం తన జేబులో వేసుకోలేదు, నా చేతిలోనే వదిలేశాడు. ఆ రోజునుంచి మళ్ళీ మాట్లాడాను. నా బొంగురు గొంతు నాదిగానే నాకు వినిపించింది, ఒక్కర్తిదే, వెనక తోడు లేకుండా. నాకు దక్కినదాని ఖరీదు ఆయన మొహంలో రోజూ కనిపించేది. ఆ డ్రమ్ము మీద మళ్ళీ గుడ్డ కప్పలేదు. వచ్చిన కుర్రవాళ్ళకు రికార్డింగుకు ఇచ్చాడు.

మొన్న చలికాలంలో అన్నయ్య ఆసుపత్రిలో పడ్డాడు. మాట పడిపోయింది, కళ్ళు తెరవలేదు. డాక్టరమ్మ వినపడుతుందో లేదో చెప్పలేమంది. పక్కన కూర్చుని రెండు అరచేతులూ రుద్ది వెచ్చబెట్టుకుని ఆయన ఛాతీ నడిమధ్యన ఆనించాను. ఏం మాట్లాడాలో నాకు తెలుసు. బీరకాయ కూర ఎలా వండానో మొదటినుంచీ చెప్పాను, పొట్టు తీయడం, ముక్కలు, పాలు పొయ్యడం. నా గొంతు లోపలికి దిగినచోట నా చేతికింద ఆయన ఎముకలు సన్నగా అదిరాయి. ఆపితే ఆగాయి. మాట్లాడితే మళ్ళీ అదిరాయి. నేను అనుకోకుండానే నా నోట వచ్చేసింది, ఎవరో ఉన్నారు అని. చెబుతూనే ఉన్నాను. కూర అయిపోయింది, ట్యాంకరు అయిపోయింది, మా ఆయన సంగతి మళ్ళీ మొదలుపెట్టాను. ఒకచోట, మాట నడుస్తుండగానే, చేతికింద ఏమీ లేకుండా పోయింది. నర్సు వచ్చి నా చెయ్యి తీసేదాకా తియ్యలేదు. తర్వాతి మాట నేను పైకి అనలేదు.

ఇప్పుడు స్టూడియోలో తోళ్ళు బిగించేది నేనే. కొత్త తోలు నొక్కేముందు చేతులు రుద్దుకుంటాను, అన్నం కలిపేముందు రుద్దుకుంటాను, ఎవరి చంటిబిడ్డనైనా ఎత్తుకునేముందు రుద్దుకుంటాను. సమీర్ భయ్యా అద్దం అవతలినుంచి చూసి మైకు ఆన్ చెయ్యకుండా ఊరుకుంటాడు. గ్రేస్ చెయ్యి ఉన్న తోలు అన్నయ్యతోపాటే సమాధి పెట్టెలో పెట్టించాను. డ్రమ్ము లేని తోలు పలకదు, అది నాకు తెలుసు.

హారిక ఇందాకటినుంచీ అడుగుతోంది, ఆ మూత తీసి కింద పెట్టనా ఆంటీ, అని. అరచేయి ఆనిస్తే చాలు, ఊరుకుంటుంది. వద్దన్నాను. నేను మాట ఆపితే అదీ ఆగిపోతుంది. అందుకే ఇంతసేపు చెప్పాను.