మబ్బు పట్టిన రోజు వంట

మా మిల్లు క్యాంటీన్‌లో వంట చేసే పిన్ని చెయ్యి తిరిగిన మనిషి. ఉదయం గేటు దగ్గర నిలబెట్టిన సైకిళ్లను ఒక్కసారి చూసి, ఎన్ని డబ్బాల బియ్యం పొయ్యాలో చెప్పేస్తుంది. అన్నం మిగలదు, చాలకుండానూ పోదు. పక్కన కూరలు తరిగేది నేను. మా అమ్మ చెల్లెలు కాబట్టి పొగుడుతున్నానని అనుకోకండి. ఆమె నోటికి జడిసి ఒకటి రెండుసార్లు పనే మానేద్దామనుకున్నాను.

అంత అంచనా తెలిసిన మనిషికి మబ్బు పడితే మాత్రం మతి పోతుంది. వరద మా వీధి మొత్తాన్నీ డాబాల మీదకి ఎక్కించిన ఏడాది నుంచీ ఇదే వరస. ఆ తర్వాత మాలో ప్రతివాళ్లకీ ఏదో ఒక పిచ్చి పట్టుకుంది. పక్కింటి దర్జీ దిండు కింద బిస్కెట్లు లేనిదే పడుకోడు, చీమలు కుట్టినా సరే. నేనేమో ఎవరో లాక్కుంటారన్నట్టు గబగబా మింగుతాను. మా ఆయన చూసి నవ్వుతాడు, నాకు ఒళ్లు మండుతుంది. పిన్నికైతే ఆకాశం నల్లబడగానే చెయ్యి బియ్యం డబ్బా మీదకి పోతుంది. ఇంకొకటి, ఇంకొకటి. సాయంత్రానికి అన్నం గుండిగలకొద్దీ చెత్తకుండీ పాలు.

మేనేజరు చాలాసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. చివరికి, "మళ్లీ ఇలా పారబోస్తే వేరే మనిషిని చూసుకుంటానమ్మా" అని మొహం మీదే చెప్పేశాడు. పిన్నికీ, ఆమె కొడుక్కీ ఆధారం ఈ పని ఒక్కటే.

వారం తిరక్కుండానే మబ్బు పట్టింది. పిన్ని సైకిళ్లు చూసి కొలిచిన బియ్యం బయట పెట్టి, సామాన్ల గదికి తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టింది. "నేను కాళ్లు పట్టుకున్నా ఇవ్వకే."

వాన మొదలయ్యేసరికి నా వెనకాలే తిరగసాగింది.

"ఒక్క డబ్బా. ఒక్కటే కదే."

"కుదరదు పిన్నీ."

"నీ మొహం! చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని తిప్పాను. ఇదా నువ్వు చేసేది?"

"చంపేసినా ఇవ్వను."

తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. గరిటె మాత్రం వదల్లేదు. నా ప్రాణం ఉసూరుమంది, అయినా తాళంచెవి తీయలేదు. జనమంతా తినేసి వెళ్లారు. ఆఖరున మేమిద్దరం కూడా కడుపు నిండా తిన్నాక గుండిగ అడుగు కనిపించింది.

పిన్ని ఆ అడుగునే చూస్తూ నిలబడిపోయింది. బయట వాన దంచుతూనే ఉంది. ఏడుస్తుందేమోనని భయమేసి భుజం పట్టుకున్నాను.

"ఆ రోజు డాబా మీద కూడా గిన్నె ఇలాగే ఖాళీ అయిందే" అంది. "గోకి గోకి మా బాబుకి పెట్టాను. ఇక మన పని అయిపోయిందనుకున్నా. తెల్లారేసరికి పడవొచ్చింది."

"అవును. మమ్మల్నీ ఆ పడవలోనే ఎక్కించుకున్నారుగా."

"ఇన్నేళ్లూ ఆ ఖాళీ గిన్నే కళ్లముందు ఉండిపోయింది. పడవొచ్చిన సంగతి ఒక్కనాడైనా గుర్తుకొచ్చిందా చూడు!" అని, గుండిగలో నీళ్లు పోసి తోమడం మొదలుపెట్టింది.