'సగం తప్పు' అని రాసిన పిల్ల

1992. శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతున్న రోజులు. గద్వాల మగ్గాల వీధిలో ఒక సంస్థ అద్దెకు తీసుకున్న ఇంట్లో, బడి వదిలాక సైన్స్ క్లబ్బు నడిపి, పిల్లల చేత ప్రాజెక్టులు చేయించేదాన్ని. పాఠం చెప్పడం కాదు నా పని. పిల్లలే ఒక ప్రశ్న వెతుక్కోవాలి, వాళ్లే పరీక్ష పెట్టి జవాబు తేల్చుకోవాలి. పక్కన ఉండి దారి తప్పకుండా చూడటం వరకే నాది. నేను బడిమెట్లు ఎక్కినదాన్ని కాదు. మా నాయనే ఇంట్లో చదువు చెప్పి, ప్రైవేటుగా మెట్రిక్ కట్టించాడు. నేను ఏ సంగతి చెప్పినా "నిజమో కాదో చూసి చెప్పు" అనేవాడు. ఆ ఒక్క మాటకే ఆయనకు జన్మంతా రుణపడి ఉన్నాను.

రోజూ దీపం పెట్టి, నాకు మేలు చేసినవాళ్లను తలచుకుని దండం పెట్టుకోవడం నా అలవాటు. కోపాలు ఏమైనా ఉంటే అక్కడే వదిలేసి లేస్తాను. వనపర్తిలో కలిసిన ఒక పెద్దమనిషి మీది కోపం మాత్రం ఇన్నేళ్లయినా వదలడం లేదు.

ఆ ఏడు వనపర్తి సైన్స్ ప్రదర్శన పోటీకి సిద్ధమవుతున్న మా జట్టులో ముగ్గురు పిల్లలు. ఏడో తరగతి నాగవేణి వాళ్లలో పెద్దది. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. నేసే మనిషి పక్కన ఇంకొకరు కూర్చుని అంచు నాడె, అంటే అంచు దారాన్ని అటూ ఇటూ మోసే కొయ్య, అందిస్తుండాలి. ఆ చోటు ఎక్కువగా ఇంటి పిల్లలదే. నాగవేణి తండ్రి నర్సింలు ముందే తేల్చి చెప్పాడు.

"పోటీల ఫస్టొస్తే ఎనిమిదికి పంపుతనమ్మా. రాకుంటే అంచు కాడ కూసోవాలె. ఇంకో మనిషిని పెట్టుకునే తాకత్ లేదు నాకు."

పిల్ల అడిగిన ప్రశ్న కూడా ఆ ఇంటిదే. "టీచరక్కా, పొద్దుగాల తెగని పోగు పగటాల ఎందుకు తెగుతది?" పెద్దవాళ్లు దిష్టి అన్నారు. పరీక్షకు ముందు వేసుకునే ఊహను మేం హైపోథెసిస్ అంటాం. ఎండకు గాలిలో తడి ఆరిపోయి దారం పెళుసవుతుందని, పక్కన తడిగోనె కడితే నూలైనా పట్టైనా తెగదని పిల్లల ఊహ.

నర్సింలు నవ్వాడు. "మీ ముచ్చట నేను నమ్మ. వనపర్తి సార్లు ఔనంటే మాత్రం మా మగ్గానికి గూడ కడ్త."

వాళ్ల వసారాలో నూలు పోగులు, పట్టు పోగులు వేలాడదీసి ఒక్కోదానికి ఇసుక డబ్బా కట్టాం. కొన్నిటి పక్కన తడిగోనె, కొన్నిటి పక్కన ఏమీ లేదు. ఏ మార్పూ చేయకుండా, పోల్చి చూసుకోవడానికి ఉంచే వాటిని కంట్రోల్ అంటారు. పొద్దున కట్టి బడికి పోవాలి, సాయంత్రం వచ్చి ఏవి తెగాయో చూడాలి.

మొదటి సాయంత్రం ఒక్క పోగూ తెగలేదు. మాకు అర్థం కాలేదు. నాగవేణి దగ్గరికి పోయి వేలితో తడిమి, "అక్కా, ముడులున్నయి!" అని అరిచింది.

మూలన కూర్చున్న వాళ్ల అవ్వ తలెత్తింది. "తెగిన పోగు గట్లనే ఏలాడుతుంటే సూస్కుంట కూసుంటరానే? ఇంట్ల లక్ష్మి ఉంటదా? నేనే అతికిన. డబ్బలు గూడ మళ్ల కట్టిన."

"ఓ అవ్వా! తెగాలనే గదనే కట్టింది!"

"తెగనీకి కడ్తరా ఎవరన్న? మీ అక్క మంచిగనే నేర్పిస్తుంది సదువు!"

నేనూ నవ్వాను. పుట్టిన దగ్గర్నుంచి పోగులు అతికిన చేతులవి. తెగినదాన్ని చూసి ఊరుకోలేవు. విడమరిచి చెప్పాక, మర్నాటి నుంచి అవ్వ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుంది.

నూలు విషయంలో పిల్లల ఊహ నిజమైంది. తడిగోనె పక్కన అది గట్టిగా నిలబడింది. పట్టు మాత్రం ఎదురు తిరిగింది. తడి తగిలిన పోగులే ఎక్కువ తెగేవి. ఎన్నిసార్లు చేసినా అంతే. నాగవేణి రెండు చార్టులు గీసి, పట్టు చార్టు మీద పెద్ద అక్షరాలతో 'మా ఊహ సగం తప్పు' అని రాసింది. ఆ మాట చూసి నేను మనసులోనే దేవుడికి దండం పెట్టుకున్నాను.

వనపర్తి ప్రదర్శనలో నిర్ణేతల పెద్ద మా బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నూలు చార్టు చూసి మెచ్చుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "ఫస్ట్ ప్రైజు మీకే ఇద్దామనుకుంటున్నాం. ఆ పట్టు చార్టు తీసెయ్యండి. తప్పు అని రాసుకుని ఎవరైనా పోటీకి వస్తారా? కాసేపట్లో చీఫ్ గెస్టు వస్తున్నారు."

"సార్, తప్పని తేలడం కూడా ఫలితమే కదా" అన్నాను.

"మీరేం చదివారమ్మా?"

"ఇంట్లోనే చదువుకున్నానండీ. మెట్రిక్."

"అదీ సంగతి" అని పక్కవాళ్ల వైపు చూసి నవ్వాడు.

నన్నన్నందుకు కాదు నా కోపం. ఆ చార్టు తీస్తే నాగవేణి ఎనిమిదో తరగతికి పోతుంది. ఆ సంగతి పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు. పదమూడేళ్ల పిల్ల ముందు అబద్ధాన్ని బహుమతిలా పట్టుకుని నిలబడ్డాడు ఆయన. నేను నోరు తెరిచేలోపు నాగవేణే మాట్లాడింది.

"ఇది తీసి ఫస్టిస్తే మా నాయిన పట్టుకు గూడ గోనె కడ్తడు సారు. సార్లు ఔనన్నరని కడ్తడు. పట్టు తెగితే ఎట్ల?"

ఆయన పక్క బల్లకు పోయాడు. అక్కడ రంగుల బల్బులు వెలిగే డ్యాం నమూనా ఉంది. ఫస్టు దానికే వచ్చింది. ఇది ఎట్లా వెలుగుతుందని ఆ పిల్లలను అడిగాను. "స్విచ్చేస్తే" అన్నారు. నమూనా ఎవరు చేశారంటే "వడ్లాయన" అన్నారు, అంటే వడ్రంగి. ఆ పిల్లలనేం అనను. వాళ్లను అక్కడ నిలబెట్టినవాళ్లకు సిగ్గుండాలి.

గద్వాలకు వచ్చేసరికి నర్సింలు అరుగు మీద ఉన్నాడు. పక్కన తొట్టిలో గోనెలు నానుతున్నాయి.

"ప్రైజేదే?"

"రాలే నాయినా."

నేను కొట్లాటకు సిద్ధమయ్యే పోయాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపి, బిడ్డనే అడిగాడు. అక్కడ జరిగింది, తాను అన్నది అంతా నాగవేణి చెప్పింది. నర్సింలు తొట్టి వైపు చూశాడు.

"అంచు కాడ గూడ కడ్దామనే నానేసిన" అన్నాడు. తర్వాత, "పొద్దుగాల బడికి పో. సాయంత్రం అంచు పట్టు. ఇంతకంటె నాతోని గాదు" అన్నాడు.

ఎనిమిది దక్కింది. కానీ మా క్లబ్బు నడిచేది సాయంత్రమే. నిజం చెప్పిన పిల్ల మా గదిలో లేకుండా పోయింది. అబద్ధం చెప్పమన్నాయన స్టేజీ మీద దండ వేయించుకున్నాడు. దీన్ని ఎట్లా మరిచిపోను?

మేమే క్లబ్బును వాళ్ల వసారాకు మార్చాం. నాగవేణి లోపల అంచు నాడె అందిస్తూనే ప్రశ్నలు అరిచేది, మిగతావాళ్లు బయట పరీక్ష పెట్టేవాళ్లు. కాదనకుండా చోటిచ్చిన నర్సింలుకు నా దండం రోజూ ఉంటుంది. ఆ తర్వాత ఏ జట్టును తయారుచేసినా మొదటిరోజే, "మీ ఊహ తప్పని తేలితే నలుగురి ముందు చెప్పగలరా?" అని అడిగేదాన్ని.

మేం పోగు కట్టినప్పుడల్లా అవ్వ అడగకుండానే చేతులు కొంగులో చుట్టుకునేది. తెగినదాన్ని తెగినట్టు ఉండనివ్వడం ఆ చేతులకు ఎంత కష్టమో నేను చూశాను. అయినా అవ్వ ఒక్కరోజులో నేర్చుకుంది. ఆ పెద్దమనిషికి ఆ చదువు ఎవరు చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.