ఆన్సెల్మ్ దుప్యూ మూడు సాళ్ళు

షాతో లామర్సాన్ అనే వైన్ ఎస్టేటు తోటలో నిలబడి ఫొటో దిగే వాళ్ళందరికీ ఒకటే చిక్కు. ఎటు తిరిగి నిలబడినా ఫొటోలో ఆన్సెల్మ్ దుప్యూ గడ్డి పడుతుంది. తల దువ్వినట్టు తీర్చిదిద్దిన ఎస్టేటు ద్రాక్షతోట నట్టనడుమ మూడు సాళ్ళు ఆయనవి. తాతనాటి తీగలు, మోకాలెత్తు గడ్డి, ఒక మూల చిల్లుపడిన బకెట్టు. ఎస్టేటు ట్రాక్టరు అక్కడికి రాగానే చుట్టూ తిరిగి పోవాలి. తిరిగిన ప్రతిసారీ డ్రైవరు ఒక తిట్టు విసురుతాడు. ఆన్సెల్మ్ గట్టు మీద నుంచి టోపీ ఎత్తి, ఆ తిట్టును మర్యాదగా అందుకుంటాడు.

ఎస్టేటు ఇప్పుడు పారిస్‌లోని ఒక ఇన్సూరెన్స్ కంపెనీది. కంపెనీ పెద్దలు ఏడాదికోసారి వచ్చి, కొత్త బూట్లతో మన్ను తొక్కి, "ఈ మట్టి మాట్లాడుతుంది" అని చెప్పి వెళ్ళిపోతారు. ఏం మాట్లాడిందో మాత్రం ఎవరికీ చెప్పరు. వాళ్ళ తరఫున ఇక్కడ పెత్తనమంతా మేనేజరు ఆడెమార్‌ది. ఆ మూడు సాళ్ళూ అమ్మమని ఆన్సెల్మ్‌ని ఏటా వేధించేదీ ఆయనే. మెడకు పట్టు రుమాలు చుట్టుకుని, వైన్ నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేసి, "దేవదారు... పొగాకు... వాన వెలిసిన అడవి" అంటూ కళ్ళు మూసుకునే మనిషి. ఆయన ఉమ్మినంత వైన్ ఈ ఊళ్ళో ఎవరూ తాగి ఉండరు.

ఆన్సెల్మ్ ఊరి పోస్టుమ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్రతి గుమ్మంలో ఉత్తరంతో పాటు ఒక ప్రకటన కూడా ఇచ్చి వచ్చేవాడు. "అదే గులకనేల, అదే ఎండ, అదే వాన. వాళ్ళది కంపెనీ వైన్, నాది మనిషి వైన్. నాదే మేలు!" లామర్సాన్ వైన్ ఒక్క చుక్క కూడా నాలుక మీద పడనివ్వనని పెళ్ళి నాడే ఒట్టేసుకున్నాడు. ఆ ఒట్టు తప్పలేదు. రుచి చూడని వైన్ కంటే తన వైన్ గొప్పదని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చాడన్నమాట. అడ్డొచ్చి అడిగిన వాళ్ళూ లేరు.

నేల ఒకటే గాని పని ఒకటి కాదు. జూలైలో ఎస్టేటు వాళ్ళు తీగకున్న పచ్చి గుత్తుల్లో సగం కోసి నేల మీద పారేస్తారు, మిగిలినవాటికి సారం దక్కాలని. అది చూసి ఆన్సెల్మ్, "కాసిన కాయని కోసి పారేస్తారా, పాపిష్ఠివాళ్ళు!" అని తన తీగల మీద ఒక్క గుత్తి కూడా తియ్యనిచ్చేవాడు కాదు. దాంతో కాయ విరగకాసేది, రసం నీళ్ళలా ఉండేది. ఆ రసాన్ని తాతనాటి పీపాలో పోసేవాడు. ఆ పీపా మార్చాలన్న ఆలోచన తాతకీ రాలేదు, మనవడికీ రాలేదు.

ఆ వైన్ తాగే మనిషి ప్రపంచంలో ఇంకొకరే. ఆయన భార్య లియోంటీన్. సూప్ గిన్నె అడుగుకొచ్చాక అందులో వైన్ పోసి కలిపి, గిన్నె ఎత్తి తాగడం ఇక్కడి పాత అలవాటు. లియోంటీన్‌కి అది అలవాటు కాదు, వ్రతం. గ్లాసులో పోసిస్తే ముట్టుకునేది కాదు, గిన్నెలో పోస్తే చుక్క మిగిల్చేది కాదు. "చూశారా, మా ఆవిడకి నా వైన్ అంటే ఎంత ఇష్టమో! సూప్‌లోకి కూడా అదే కావాలి" అని ఆన్సెల్మ్ మురిసిపోయేవాడు.

కోతలు ముగిసిన రోజు ఎస్టేటులో కోతవాళ్ళకీ ఊరివాళ్ళకీ విందు ఉంటుంది. ఆన్సెల్మ్ ఏటా తన సీసా ఒకటి చంకన పెట్టుకుని వెళ్ళి, బల్ల మీద ఠపీమని పెట్టి, దాని పక్కనే కూర్చుని మంచినీళ్ళు తాగుతాడు. ఆ ఏడు కూడా అంతే చేశాడు. మాంసం వడ్డించాక ఆడెమార్ లేచి నిలబడ్డాడు.

"దుప్యూ గారూ, మీ వైన్ మా వైన్ కంటే మేలని వినీ వినీ మా చెవులు తూట్లు పడ్డాయి. ఇవాళ తేల్చేద్దామా? రెండు గ్లాసులు. ఒకటి మీది, ఒకటి మాది. ఏది మీదో చెప్పండి చాలు. చెప్పగలిగితే ఆ మూడు సాళ్ళ ఊసు మళ్ళీ జన్మలో ఎత్తను. చెప్పలేకపోతే అవి ఎస్టేటువి."

"మరి నా ఒట్టో?"

"ఒట్టు గట్టు మీద పెట్టవయ్యా!" అని ట్రాక్టరు డ్రైవరు అరిచాడు. "లేకపోతే ఇన్నాళ్ళూ కోసినవి కోతలని ఒప్పుకో!"

అందరూ గొల్లుమన్నారు. ఆన్సెల్మ్ మెడ ఎర్రబడింది. "తీసుకురండి గ్లాసులు!" అన్నాడు.

మొదటి గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. దేవదారు లేదు, అడవీ లేదు. తన సాళ్ళ గులకరాళ్ళ మీద వాన పడ్డప్పటి వాసన ఉంది, ఎండకు కాగిన తీగ ఉంది. గొంతు దిగాక కూడా అది వెళ్ళిపోలేదు. ఆ నేల ఇంత ఇవ్వగలదా అనుకుంటే ఆయనకి ఏడుపొచ్చింది.

రెండో గ్లాసు మూతి దాకా కూడా రానక్కర్లేకపోయింది. తాత పీపా ఎదురొచ్చి పలకరించింది.

ఆడెమార్ నవ్వుతున్నాడు. ఆయన వేసిన వల అది. ఇంతకాలం 'నాదే మేలు' అన్న నోరు ఇప్పుడు మంచి గ్లాసునే నాదనాలి. అలా అంటే సాళ్ళు పోతాయి. రెండోది నాదంటే సాళ్ళు ఉంటాయి, పరువు ఊరందరి ముందూ నేల మీద పడుతుంది. ఆన్సెల్మ్ లియోంటీన్ వైపు చూశాడు. ఆవిడ తన గిన్నెలోకి చూస్తోంది.

ఆన్సెల్మ్ రెండో గ్లాసు ఎత్తి, చుక్క మిగల్చకుండా తాగి, బల్ల మీద బోర్లించాడు.

"ఇది నాది. మా ఇంటి పీపా కంపు నాకు తెలీదా?"

నవ్వు మిన్నంటింది. ఆన్సెల్మ్ కాక నవ్వని వాళ్ళు ఇద్దరే, ఆడెమార్, లియోంటీన్.

ఇంటికి నడిచి వెళ్తూ ఆన్సెల్మ్ దారిలో లియోంటీన్‌ని అడిగాడు. "నీకు తెలుసా?"

"ఏంటి?"

"అది అంత ఘోరంగా ఉంటుందని."

లియోంటీన్ ఆగిపోయింది. "ఇన్నేళ్ళుగా దాన్ని సూప్‌లో కలుపుకుని మింగుతున్నా. నాకు సూప్ అంటే అంత పిచ్చి అనుకున్నావా?"

"మరి ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"చెప్తే మానేసేవాడివి. మానేసి రోజంతా ఇంట్లో కూర్చుని నా ప్రాణం తీసేవాడివి." కొంచెం ఆగి, గొంతు తగ్గించి అంది. "పైగా నువ్వు పోస్తుంటే నీ మొహం చూసి వద్దనలేకపోయానయ్యా."

మరుసటి జూలైలో ఆన్సెల్మ్ కత్తెర పట్టుకుని తన సాళ్ళలోకి దిగాడు. ఒక పచ్చి గుత్తి కోశాడు. పారేయడానికి చెయ్యి రాక జేబులో పెట్టుకున్నాడు. ఇంకొకటి కోశాడు, అదీ జేబులోకే పోయింది. మూడో తీగ దగ్గర జేబులు నిండిపోయాయి. కత్తెర దించి, తీగని చూస్తూ నిలబడిపోయాడు.

గట్టు మీద నుంచి లియోంటీన్ కేక వేసింది.

"దాని దగ్గర నీకేం మొహమాటం? కొయ్యి! ఈ వయసులో నేనింకా ఎంత సూప్ తాగాలి?"